రాజు ఆగే చోటు

పందొమ్మిది వందల అరవై ఒకటిలో కెంచార్లహళ్ళికి నాటకం పిచ్చి పట్టింది. ఆ ఏడు శెనక్కాయ బాగా పండింది, రాగులతో గాదెలు నిండాయి. ఇక ఊరు ఊరికే ఎందుకు కూర్చుంటుంది? మాఘమాసంలో ఊరి దేవర జాతరకు నాటకం ఆడి తీరాల్సిందేనని పెద్దమనిషి నరసింహప్ప తీర్మానించాడు. ఏది ఆడాలో కూడా ఆయనే తేల్చేశాడు. ధీరకేతు నాటకం. దాన్ని ఆయన పంతొమ్మిదేళ్ళ కిందట చిక్కబళ్ళాపురం సంతమైదానంలో, కంపెనీ వాళ్ళ డేరాలో చూశాడు. ఒకసారి కాదు, బండి కట్టుకొని పోయి నాలుగుసార్లు చూశాడు. ఇప్పుడా నాటకం ఎవరికీ రాదని, ఆ కంపెనీ కూడా మూతబడిందని పదిమంది చెప్పినా చెవిన వేసుకోలేదు.

చివరికి బాగేపల్లి నుంచి ఒక నాటకాల మేష్ట్రును పట్టుకొచ్చారు. ఆయన దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. సగం పద్యాలు అందులో ఉన్నాయి, మిగతా సగం ఆయన సొంతంగా అతికించాడు. నలభై రోజులు నేర్పాడు. అంతలో కామెర్లు తగులుకొని, కళ్ళు పచ్చబడి, నోటుబుక్కు సంకన పెట్టుకొని బాగేపల్లి బస్సెక్కాడు. జాతర ఇంకా ఇరవై ఆరు రోజులుంది. ధీరకేతు మహారాజు వేషం కట్టే బైరప్పకు అప్పటికి వచ్చినవి మూడు పద్యాలు. వాటిలో రెండు తప్పు.

బైరప్ప మంచి రైతు. నలభై ఏళ్ళవాడు, నిలువెత్తు మనిషి. గొంతు విప్పితే రెండు చేల అవతల మేస్తున్న ఎద్దులు తలెత్తి చూస్తాయి. కానీ పద్యాన్ని కూడా ఆయన మడక దున్నినట్టే దున్నేవాడు, గట్టు చేరేదాకా ఆపేవాడు కాదు. ఇక ధీరకేతు కొడుకు సుకేతు రాకుమారుడి వేషం మునినారాయణది. వయసు పంతొమ్మిది, ఎత్తు ఆరడుగులకు అంగుళం తక్కువ. ఊళ్ళో పద్యానికి నోరు తిరిగే మగపిల్లల్లో మీసం రానివాడు వాడొక్కడే కాబట్టి ఎనిమిదేళ్ళ రాకుమారుడు వాడే అయ్యాడు.

ఈ సాధన అంతా శాలె అని పిలిచే ఊరిబడి వసారాలో జరిగేది. శాలె గోడకు ఆనుకొనే హయగ్రీవ మేష్ట్రు ఇల్లు. ఆయన శాలెలో పిల్లలకు కన్నడం చెప్పేవాడు, ఇంట్లో మాత్రం ఎక్కువగా ఏమీ చెప్పేవాడు కాదు. ఆయన భార్య అలమేలు రోజూ సాయంత్రం పొయ్యి ముందు కూర్చొని, గోడ అవతలి నుంచి వచ్చే తప్పులన్నీ వినేది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిన రోజులున్నాయి, అసలు వేయని రోజులూ ఉన్నాయి. అత్త అంబుజాక్షమ్మ కంచం ముందు ముఖం మాడ్చుకొనేది కానీ కారణం అడిగేది కాదు. కారణం ఆమెకు తెలుసు.

బాగేపల్లి మేష్ట్రు వెళ్ళిపోయిన మరునాడు బైరప్ప వీడ్కోలు పద్యం ఎత్తుకున్నాడు. రాజ్యం దానమిచ్చేసిన ధీరకేతు, కొడుకును పరాయి రాజు కోట వాకిట్లో వదిలిపెట్టి అడవికి పోయే ఘట్టం అది.

"చేయిని వీడలేక యిటు చెంతనె నిల్చిన చిన్ని తండ్రి! నీ" అని ఎద్దుల్ని అదిలించినట్టు ఒక్క ఊపున లాగేశాడు.

అలమేలు చేతిలో సంగటి కెలికే కట్టె ఉంది. దాన్ని కుండలో అట్లాగే వదిలేసింది. పాడాలని అనుకొని పాడలేదు, పాదం దానంతట అదే గొంతులోంచి వచ్చేసింది. "చిన్ని తండ్రి" దగ్గర ఆగింది. మనిషి తల వంచి మళ్ళీ ఎత్తేంత సేపు ఆగింది. ఆ తర్వాతే "నీ" అంది.

గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి వాకిట్లో ఏడుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు.

"మేష్ట్రూ, మీ ఇంట్లో పాడింది ఎవురప్పా?" అన్నాడు నరసింహప్ప.

హయగ్రీవ వెనక్కి తిరిగి తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "మా ఇంట్లో ఆమెనే. వాళ్ళ నాయన హార్మోనియం వాయిస్తాండె" అన్నాడు.

"మిగతా పద్యాలు కూడా వస్తాయా అమ్మకు?"

అలమేలు తలుపు చాటు నుంచి మెల్లిగా చెప్పింది. "నాటకమంతా వస్తాదప్పా."

అది నిజమే. కానీ ఆమె నాయన దగ్గర నేర్చుకొని కాదు.

అలమేలు ఆరో ఏట రంగు పూసుకుంది. వాళ్ళది గుళ్ళో దేవుడికి మాలలు కట్టే కుటుంబం. నాయనకు మాలల కంటే హార్మోనియం మీద మనసు. తల్లి పోయాక బిడ్డను ఒక చేత, పెట్టెను ఒక చేత పట్టుకొని కంపెనీలో చేరాడు. సుకేతు వేషం కట్టే పిల్లవాడికి అమ్మవారు పోసిన రోజున ఈ పిల్లకు పంచె బిగించి, నెత్తిన చిన్న కిరీటం పెట్టి తెర ముందుకు తోశారు. ఆ తోపుడు ఆరేళ్ళు సాగింది. చిక్కబళ్ళాపురంలో మూడు నెలలు, చింతామణిలో రెండు, బాగేపల్లిలో వానకు డేరా కూలేదాకా. నిద్రపోతున్న పిల్లను ఎత్తుకొచ్చి రంగు పూసేవాళ్ళు. ఆమె కళ్ళు తెరిచేసరికి రాకుమారుడై ఉండేది. తన ఘట్టం అయిపోతే పక్కతెర వెనక ట్రంకుపెట్టె మీద పడుకొని మిగతా నాటకమంతా వినేది. అందుకే రాజు పద్యాలు, రాణి పద్యాలు, ద్వారపాలకుడి కేకలు అన్నీ ఆమెకు వచ్చు. ఎవరు ఏ కాలు ముందు వేస్తారో కూడా వచ్చు. జనం ఆమెను సుకేతు అనే పిలిచేవాళ్ళు. ముసలమ్మలు కొంగున దాచుకొచ్చిన బొరుగుల ఉండలు పెట్టి, రాజు నిన్ను వదిలేసి పాయెనే నాయనా అని కళ్ళు ఒత్తుకునేవాళ్ళు.

పన్నెండో ఏట ఒక్కసారిగా పొడుగయింది. రాజు చెయ్యి పైకెత్తితే గానీ ఆమె తల అందలేదు. డేరాలో జనం నవ్వారు. ఆ వారమే ఇంకో పిల్ల వచ్చింది. రెండేళ్ళకు నాయన పోయాడు. మేనమామ ఇంట్లో పెట్టుకొని, పదిహేనో ఏట హయగ్రీవకు ఇచ్చి చేశాడు.

సంబంధం కుదిరినప్పుడు అంబుజాక్షమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. నాటకం మాట ఇంట్లో వినపడకూడదు. బంధువులందరికీ తానే చెప్పింది, పిల్ల ఆ ఆరేళ్ళూ చింతామణిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుందని. ఆ మేనత్త ఎక్కడా లేదు. లేని మేనత్తకు పద్నాలుగేళ్ళలో ఒక ఇల్లు, ఒక ఆవు, మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి. అలమేలు అవన్నీ విని తల ఊపేది. అత్త చెడ్డమనిషి కాదు. కానీ అలమేలు బతుకులో ఆమెకు బాగా గుర్తున్న ఆరేళ్ళూ జరగనట్టే అయిపోయాయి. నాయన లేడు, కంపెనీ లేదు. అప్పుడప్పుడు సంగటి కెలుకుతూ, అవి నిజంగా జరిగాయా, నేనే కల్పించుకున్నానా అనుకునేది. ఒక్కరంటే ఒక్కరు, అవునే నువ్వు ఉంటివి, నేను చూస్తిని అంటే చాలని ఆమె కోరిక. ఆ మాట అనే మనిషి ఎవరూ మిగల్లేదని ఆమెకు తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అంబుజాక్షమ్మ తీర్పు చెప్పింది. "ఊరోళ్ళు ఇంతమంది వచ్చి అడిగినాక కాదనేదానికి అయితాదా? నేర్పించు. తలుపు ఇవతల నువ్వు, అవతల వాళ్ళు. పద్యం చెప్పేది వేరే, రంగు పూసుకొని పదిమంది ముందర నిలబడేది వేరే. నాయన దగ్గర నేర్చుకుంటి అను. అంతకుమించి ఒక్క మాట దాటేదానికి లేదు. జాతర పొద్దు పెట్టె ముందర కూర్చునేది నువ్వు కాదు, మావాడు."

హయగ్రీవకు పొలమారింది. ఆయనకు శాలె ప్రార్థన తప్ప ఇంకేమీ వాయించడం రాదు.

అలమేలు సరేనంది. అంత దొరుకుతుందని ఆమె అనుకోలేదు.

అటక మీదున్న హార్మోనియం దిగింది. తిత్తి ఎలుకలు కొట్టేసి ఉంటే హయగ్రీవ పాత గొడుగు గుడ్డ కత్తిరించి, మైదా ఉడికించి అంటించాడు. చివర్లో, "చిన్నప్పుడు నువ్వు కిరీటం పెట్టుకుంటే ఎట్ల ఉంటివో" అని ఒక మాట అని, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

ఇరవై ఆరు రోజులు ఆ ఇంటి వసారా నిండా రైతులు. అలమేలు తలుపు ఇవతల కూర్చొని పెట్టె వాయిస్తూ చెప్పేది. కాయితం లేదు, నోటుబుక్కు లేదు. పద్యంతో పాటు కాలు ఎక్కడ వెయ్యాలో, కన్ను ఎటు తిప్పాలో కూడా చెప్పేది. వీడ్కోలు పద్యం దగ్గర మాత్రం ఆమె రాజీ పడలేదు.

"చిన్ని తండ్రి అన్నాక ఆగాలప్పా. జనానికి వీపు తిప్పేయాల. ఎడమ చెయ్యి బిడ్డ తల మింద పెట్టల్ల. కుడి చెయ్యి గుండె మింద. వంగి బిడ్డ నెత్తి దగ్గరికి ముఖం పెట్టి, గొంతులోనే రెండుసార్లు ఖ్హు ఖ్హు అనాల. తర్వాత తిరిగి నీ అనాల."

"ఎందుకమ్మా అట్ల?" అన్నాడు బైరప్ప. అడిగింది వాదించడానికి కాదు, అర్థం కాక.

"రాజు ఏడుస్తాండాడప్పా. రాజు ఏడ్చేది జనం చూడగూడదు. బిడ్డకు మాత్రమే తెలియాల."

బైరప్ప తల ఊపాడు. "అయితే సరి" అన్నాడు. ఆ పూట నుంచి ఆ చోట ఆయనకు ఎవరూ గుర్తు చెయ్యాల్సిన పని పడలేదు. అడ్డంకి ఒక్కటే. మునినారాయణ తల ఆయనకు చింతచెట్టు కొమ్మంత ఎత్తులో ఉంది. అలమేలు వాడిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ఆ అడ్డంకి తీర్చింది. ఇక బైరప్ప మడక దున్నుతూ ఆగాడు, నీళ్ళు కడుతూ ఆగాడు. ఆగినప్పుడల్లా ఖ్హు ఖ్హు అన్నాడు. భార్య చౌడమ్మ దగ్గు పట్టిందనుకొని పూటకొక గ్లాసు మిరియాల కషాయం కాచి పోసింది.

జాతర రోజు మధ్యాహ్నం చింతామణి నుంచి బండిలో నాలుగు ట్రంకుపెట్టెలు దిగాయి. కిరీటాలు, భుజకీర్తులు, జరీ అంగీలు. వాటి వెనకే ఒక ముసలాయన దిగాడు. అరవై దాటిన మనిషి, ఎండిన ఒళ్ళు, చెంపలు లోపలికి పోయాయి. వేషాల సామాను బాడుగకిచ్చి, ఊరూరా వేషగాళ్ళకు రంగు పూయించే లక్ష్మణప్ప. ఎప్పుడూ మనుషుల్ని పంపేవాడే గానీ, ఆడేది ధీరకేతు నాటకమని విని ఈసారి తానే వచ్చాడు.

"ఈ నాటకం మీకు నేర్పించింది ఎవురప్పా?" అని దిగీదిగగానే అడిగాడు.

"బాగేపల్లి మేష్ట్రు" అన్నాడు నరసింహప్ప, అలమేలు పేరు బయటివాళ్ళ దగ్గర ఎత్తకూడదన్న ఒప్పందం ప్రకారం. ముసలాయన నమ్మినట్టు కనిపించలేదు. ఇంకేమీ అడగకుండా శాలె వసారాలో చాప పరిచి రంగులు కలపడం మొదలుపెట్టాడు. ముందు రాజు కాబట్టి బైరప్ప కూర్చున్నాడు. ముఖానికి రంగు, బుగ్గలకు ఎరుపు, నుదుట నామం. అంతా అయ్యాక కిరీటం పెట్టి, "ఒక పద్యం పాడప్పా. నోరు తెరిస్తే రంగు యాడ పగులుతాదో చూస్తా" అన్నాడు.

బైరప్పకు అంతకంటే ఏం కావాలి? తనకు బాగా వచ్చిన పద్యమే ఎత్తుకున్నాడు. మునినారాయణ పిలవకుండానే వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిన్ని తండ్రి దగ్గర బైరప్ప వీపు తిప్పాడు. చెయ్యి తల మీద పెట్టాడు, గుండె పట్టుకున్నాడు. ఖ్హు, ఖ్హు.

ముసలాయన చేతిలోని కుంచె కింద పడింది.

"తియ్యి" అన్నాడు. "కిరీటం తియ్యి."

"ఏమాయెప్పా?" అన్నాడు బైరప్ప.

"నన్ను ఎగతాళి చేసేదానికి ఇంతదూరం పిలిపించినారా? గౌరిబిదనూరులో ఒక హాస్యగాడు ఇదే చేసె. ఇట్లే తిరిగి, ఇట్లే గుండె పట్టుకొని. డేరా అంతా నవ్వె. ఆ పొద్దే రంగు కడిగేస్తిని. ఇంకా విడిచిపెట్టలేదా మీరు? పెట్టెలు కట్టండప్పా, నేను పోతా."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాలుగుసార్లు బండి కట్టుకొని పోయి చూసిన రాజు తన ఎదురుగానే నిలబడి ఉన్నాడని నరసింహప్పకు కూడా తట్టలేదు. ఆయన మనసులో ఉన్నది ఒక్కటే. ఇంకో రెండు గంటల్లో ఊరంతా వచ్చి కూర్చుంటుంది, కిరీటాలేమో బండెక్కేస్తున్నాయి.

గోడ ఇవతల అలమేలు అత్త పక్కన కూర్చొని పూలు అందిస్తోంది. అంబుజాక్షమ్మ జాతరకు మాలలు కడుతోంది. ముసలాయన మొదటి మాటకే అలమేలు చెయ్యి ఆగిపోయింది. గొంతు అరిగిపోయింది, బొంగురుపోయింది, అయినా ఆ గొంతే. ఆరేళ్ళ పాటు రోజూ ఆమెను కోట వాకిట్లో వదిలిపెట్టి పోయిన గొంతు. ఆమె లేచింది.

"కూర్చో" అంది అంబుజాక్షమ్మ తల ఎత్తకుండా.

"ఆయప్ప పోతాండాడత్తా."

"పోనీ. నాటకం ఆగితే ఊరు మునిగిపోతాదా?"

"నాటకానికి కాదత్తా." అలమేలు చేతిలోని పూలు అత్త ముందు పెట్టేసింది. "నన్ను చూసిన మనిషి ఈ లోకంలో ఆయప్ప ఒక్కడే మిగిలినాడు."

అంబుజాక్షమ్మ చేతిలో దారం ఆగింది. పో అని అనలేదు, వద్దని మళ్ళీ అనలేదు. అలమేలు కొంగు సరిచేసుకొని, పద్నాలుగేళ్ళుగా పరాయి మగవాళ్ళ ముందుకు దాటని తలుపు దాటి శాలె వసారాలోకి నడిచింది.

మగవాళ్ళు పక్కకు జరిగారు. ముసలాయన పెట్టె మూత వేస్తున్నాడు. ఆమె వెళ్ళి ఆయన ఎడమవైపు, ఒక అడుగు ముందు, తల వంచుకొని నిలబడింది. ఎడమ కాలు కొద్దిగా ముందుకు. సుకేతు నిలబడే పద్ధతి అది.

"రాజమామా" అంది.

లక్ష్మణప్ప తిరిగి చూశాడు. ఆయన ఎడమ చెయ్యి, ఆయనకు తెలియకుండానే, నడుము ఎత్తున గాలిలోకి చాచుకుంది. అక్కడ తల లేదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. అలమేలు మోకాళ్ళ మీద కూర్చుంది. అప్పుడు ఆ చెయ్యి ఆమె తల మీద ఆనింది.

"పాపా? సుకేతూ?" అన్నాడు ముసలాయన. "ఎంత పొడుగయినావే!"

"పొడుగయినాననే గదా మామా తీసేసినారు."

అలమేలు లేచి, అందరికీ వినపడేట్టే చెప్పింది. "వీళ్ళకు నేర్పించింది నేను. ఎగతాళి కాదు మామా. మీరు ఎట్ల చేస్తాంటిరో అట్లే చెప్పిస్తిని. రాజు వీపు తిప్పి ఏడ్చేది నేను ఆరేళ్ళు చూస్తిని."

ముసలాయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపం దిగిపోయింది. ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు.

"అది ఏడుపు కాదు పాపా. దగ్గు. అప్పటికే నాకు రొమ్ము చెడిపోయుండె. యజమానికి తెలిస్తే పంపించేస్తాడని భయం. ఆ పద్యంలో తండ్రి అనే చోట పైకి పోయేసరికి దగ్గు తన్నుకొని వస్తాండె. జనానికి కనపడకుండా వీపు తిప్పి, నీ తల చాటున దగ్గుకుంటాంటిని. మీ నాయనకు ఒక్కడికే తెలుసు. నా దగ్గు ఆగేదాకా పెట్టె మింద ఆ స్వరం పట్టుకొని ఉంటాండె. ఒకోపొద్దు చిన్నగా, ఒకోపొద్దు శానాసేపు. ఒక్క పొద్దు కూడా నన్ను విడిచిపెట్టి ముందుకు పోలేదు ఆ మహానుభావుడు."

నెత్తి మీద పడే ఆ వేడి ఊపిరి అలమేలుకు ఇప్పటికీ గుర్తు. రాజు ఏడుస్తున్నాడు కదా, కదిలితే ఆయనకు కష్టమవుతుందని ఆరేళ్ళు రెప్ప వెయ్యకుండా నిలబడింది. నాయన ఆ స్వరం ఒక రోజు ఎందుకు పొడుగ్గా లాగుతాడో, ఒక రోజు ఎందుకు లాగడో అప్పుడు తెలియలేదు. ఇరవై ఆరు రోజులు పట్టుబట్టి నేర్పింది ఒక దగ్గునని తెలిసి ఆమెకు సిగ్గు వేయాల్సింది. సిగ్గు వేయలేదు. నాయన మళ్ళీ ఒకసారి కనబడినట్టయింది.

బైరప్ప గొంతు సవరించుకున్నాడు, అది మాత్రం నిజంగానే. "అయితే ఇప్పుడు నేను దగ్గల్నా, వద్దా? ఏదో ఒకటి చెప్పండప్పా. నా పెండ్లాం కషాయం పోసి సంపుతాండాది."

వసారా అంతా ఘొల్లుమంది. ముసలాయన కూడా నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గి కళ్ళు తుడుచుకున్నాడు. "దగ్గు తీసేయప్పా. తిరిగేది ఉండనీ, చెయ్యి ఉండనీ, ఆగేది ఉండనీ. నేను నా రోగాన్ని దాచుకుంటి. ఈ పాప దాన్ని ఏడుపనుకొనె. నాదానికంటే ఈమెదే బాగుండాది." కింద పడిన కుంచె తీసి కడిగి, బైరప్ప కిరీటం సరిచేశాడు.

నరసింహప్పకు అప్పటికి తెలివి వచ్చింది. "అంటే ఆ రాజు నువ్వా అప్పా?" అన్నాడు. తర్వాత అలమేలు వైపు తిరిగాడు. "ఆ బిడ్డవు నువ్వా అమ్మా? రాజు వదిలిపెట్టి పోతే ఆ వాకిట్లో నిలబడిన బిడ్డను తలుచుకొని, చిక్కబళ్ళాపురం నుంచి ఊరు చేరేదాకా బండిలో ఏడిస్తినమ్మా నేను. నాలుగుసార్లూ ఏడిస్తి."

ఇంటి గడపలో అంబుజాక్షమ్మ నిలబడి ఉంది. నరసింహప్ప ఆమెను చూశాడు. "ఏమమ్మా, చింతామణిలో మేనత్త ఇంట్లో చదువుకుంటాండె అంటివే?"

అంబుజాక్షమ్మ తడుముకోలేదు. "చదువు కాక ఇంకేమప్పా అది? నాటకమంతా నోటికొచ్చె. మీ పిల్లోళ్ళకు ఏడేండ్లు శాలెకు పోయినా ఎక్కం రాదు" అని లోపలికి వెళ్ళిపోయింది. పొద్దు వాలేదాకా కోడలితో మాట్లాడలేదు.

దీపాలు పెట్టే వేళకు గ్యాసులైట్లు వెలిగాయి. బట్లహళ్ళి, మురుగమల్ల నుంచి కూడా బండ్లు వచ్చాయి. తెర లేచే ముందు వేషాలు కట్టినవాళ్ళంతా నాటకం నేర్పిన మేష్ట్రు కాళ్ళు మొక్కి టెంకాయ ఇవ్వడం నాటకాల ఆనవాయితీ. బాగేపల్లి మేష్ట్రు లేడు కాబట్టి టెంకాయ హార్మోనియం ముందర పెడదామని ముందే అనుకున్నారు. పెట్టె ముందు హయగ్రీవ చెమటలు కక్కుతూ కూర్చొని ఉన్నాడు. అలమేలు వచ్చి నిలబడగానే, ప్రాణం లేచొచ్చినట్టు లేచి చోటు ఇచ్చేశాడు.

అంబుజాక్షమ్మ జనంలోంచి నడిచి వచ్చింది. చేతిలో ఒక మాల ఉంది. "నాటకానికి ఒకటే కట్టినా. పెట్టెకు వేస్తారో, దీనికి వేస్తారో మీ నాటకాలోళ్ళే తేల్చుకోండి" అని బైరప్ప చేతిలో పడేసి, వెనక్కి చూడకుండా ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. బైరప్ప మహారాజు మాలను రెండు చేతులతో పట్టుకొని అలమేలు కాళ్ళ దగ్గర పెట్టి, కిరీటంతో సహా వంగి మొక్కాడు. ఆ తర్వాత మునినారాయణ మొక్కాడు. అలమేలుకు ఆశీర్వదించడం తెలియక ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టింది.

తర్వాతి పదేళ్ళలో ఆమె ఆ చుట్టుపక్కల పదకొండు ఊళ్ళకు నాటకాలు నేర్పింది. పిలవడానికి వచ్చినవాళ్ళు అలమేలమ్మ మేష్ట్రు ఇల్లు యాడ అని అడిగేవాళ్ళు, హయగ్రీవ మేష్ట్రు చెయ్యెత్తి తన ఇల్లే చూపించేవాడు. అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం ఆమె నాయన పెట్టె ముందు మొదటిసారి పదిమంది చూస్తుండగా కూర్చుంది. పక్కనే చాప మీద లక్ష్మణప్ప.

రెండో ఘట్టంలోనే వీడ్కోలు పద్యం. బైరప్ప తొందరపడలేదు. "చేయిని వీడలేక యిటు చెంతనె నిల్చిన చిన్ని తండ్రి!" అని పైకి ఎత్తి, ఆగాడు. జనానికి వీపు తిప్పాడు. మునినారాయణ తల మీద చెయ్యి పెట్టి వంగాడు. దగ్గలేదు. జనం కిమ్మనలేదు.

ఆ నిశ్శబ్దంలో అలమేలు పక్కన దగ్గు మొదలయింది. లక్ష్మణప్ప కండువా నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు కుదిపేస్తుంటే ఆపుకోలేక దగ్గుతున్నాడు. చేత్తో సైగ చేశాడు, ముందుకు పొమ్మని. బైరప్ప వంగిన చోటి నుంచే పెట్టె వైపు చూశాడు. ఎంతసేపు ఆగాలో ఆయనకు పెట్టే చెప్పాలి.

అలమేలు వేలు ఎత్తలేదు. ఎడమ చేత్తో తిత్తి మెల్లిగా ఒత్తుతూ ఆ ఒక్క స్వరం మీదే నిలబడింది. వేదిక మీద రాజు కదలలేదు, బిడ్డ కదలలేదు. ఎదురుగా ముసలమ్మలు కొంగులు కళ్ళకు అద్దుకుంటున్నారు. అంబుజాక్షమ్మ కూడా ఏడుస్తోంది.

దగ్గు తగ్గింది. లక్ష్మణప్ప కండువా దించి, ఊపిరి పీల్చుకొని, ఆమె వైపు తల ఊపాడు. అప్పుడు ఆమె స్వరం మార్చింది, బైరప్ప తిరిగి "నీ" అన్నాడు.